గ్యాస్ తక్కువని ఎవరు చెప్పారు?

మా పాత కారులో ఏసీ వేయగానే బానెట్ లోపలి నుంచి ఒక చప్పుడు వస్తుంది. టక్. కంప్రెషర్ అందుకుందన్నమాట. ఇంజిన్ ఒక్క క్షణం బరువెక్కినట్టు మూలుగుతుంది, ఆ తర్వాత చల్లగాలి మొదలవుతుంది. పదేళ్లకు పైగా ఆ టక్ వింటూనే ఉన్నాను, ఏనాడూ దాని మీద ధ్యాస పెట్టలేదు. పోయిన ఏడాది ఏప్రిల్ ఆఖర్లో పెట్టాల్సి వచ్చింది. ఒక టక్, పది సెకన్లలో ఇంకో టక్, మళ్లీ ఒకటి. తలుపు కొట్టి, ఎవరూ తీయకముందే పారిపోయే పిల్లల అల్లరిలాగా. గాలి ఒకసారి చల్లగా, ఒకసారి గోరువెచ్చగా, తర్వాత ఏకంగా వేడిగా.

కర్నూలు ఎండలు మీకు తెలియనివి కావు. ఏప్రిల్ ఆఖరుకే నలభై రెండు. పైగా మే నెలలో హైదరాబాద్‌లో మా ఆపా కూతురి నికాహ్. అమ్మీకి మొదటి నవాసీ పెళ్లి. డెబ్బై మూడేళ్ల మనిషి, రెండు వందల కిలోమీటర్ల దారి. బస్సులో తీసుకుపోనని, కారులోనే చల్లగా తీసుకుపోతానని మాటిచ్చింది నేనే.

మా ఇంట్లో మెషీన్ల ఇల్మ్ అంతా అబ్బాతోనే పోయింది. ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్. పెద్ద స్క్రూడ్రైవర్ కొనని ఇంజిన్‌కి ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేవారు. నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం, ఆ తర్వాత డిగ్రీలో తెలుగు, ఆ తర్వాత పత్రిక. చేతికి నూనె అంటకుండానే నలభై ఐదేళ్లొచ్చాయి. అయినా విలేకరిని కదా, తెలియదని ఒప్పుకోవడం మా ఖౌమ్‌లో లేదు. (ఇక్కడ ఖౌమ్ అంటే విలేకరుల ఖౌమ్.)

పెట్రోల్ బంకు పక్కనున్న ఏసీ షాపుకి తీసుకుపోయాను. పని చేసే కుర్రాడు బానెట్ ఎత్తేలోపే చెప్పేశాను. "గ్యాస్ తక్కువైనట్టుంది, కొంచెం పెట్టు."

కుర్రాడు ముందు వైపు జాలీలోకి వంగి చూశాడు. "అన్నా, బండి సాయంత్రం దాకా వదిలిపెట్టిపోతారా? ఒకసారి కడిగి చూడాల."

"టైం లేదు బాబూ. గ్యాస్ పెట్టి ఇచ్చెయ్."

పెట్టాడు. పదిహేను వందలు. పైపు మీద చెయ్యి పెట్టి చూసి "చల్లగా వస్తోందన్నా" అన్నాడు. నిజంగానే వచ్చింది, ఆ సాయంత్రం, ఎండ తగ్గాక. వారం తిరక్కుండానే మళ్లీ టక్, టక్. మళ్లీ వెళ్లాను. మళ్లీ పదిహేను వందలు. ఈసారి చప్పుడు ఇంకా తొందర తొందరగా వినబడసాగింది. ఎక్కడో లీకు ఉంది, పోతే పోనీ, పెళ్లి అయ్యేదాకా లాగితే చాలు అనుకున్నాను.

అదే రోజుల్లో అమ్మీకి చక్కర్ రావడం మొదలైంది. ఫజర్‌కి లేచి గోడ పట్టుకుని నిలబడేది. తల వెనక బరువుగా ఉందనేది. ఇంట్లో అందరం హకీములమే. మా ఆవిడ కమ్జోరీ అంది, పక్కింటి ఖాలా నజర్ అంది, నేను బీపీ డౌన్ అన్నాను. ఎండాకాలం, చెమట, వయసు, తక్కువ తిండి. బీపీ పడిపోక ఏమవుతుంది? రోజుకు రెండు పూటలా ఉప్పు దండిగా వేసిన నిమ్మకాయ షర్బత్ తాగించాను. మజ్జిగలో ఉప్పు. అన్నంలోకి ఊరగాయ. తాగిన కాసేపు బాగుందనేది. కొడుకు చేత్తో ఇచ్చింది కదా, బాగాలేదని ఎలా అంటుంది?

నికాహ్ ఆదివారం మగ్రిబ్ తర్వాత. పొద్దున పదకొండుకి బయల్దేరాం. తుంగభద్ర వంతెన, అలంపూర్ చౌరస్తా, పెబ్బేరు, కొత్తకోట. హైవే మీద ఏసీ హాయిగా పనిచేసింది, ఒక్క టక్ కూడా లేదు. చూశావా అమ్మీ అన్నాను. వెనక సీట్లో అమ్మీ ఒళ్లో నవాసీకి కుట్టించిన ఖడా దుపట్టా సంచీ. జడ్చర్ల దాటాక టీకి ఆగినప్పుడు ఇంజిన్ ఆన్‌లోనే ఉంచాను, అప్పుడు మొదలైంది టక్ టక్. మళ్లీ రోడ్డెక్కగానే ఆగిపోయింది. ఆ సంగతి నా కళ్ల ముందే జరిగింది. ఆలోచించలేదు.

షాద్‌నగర్‌కి ఇవతల ఏదో లారీ అడ్డం తిరిగి ట్రాఫిక్ ఆగిపోయింది. మధ్యాహ్నం రెండు. ముందూ వెనకా బండ్లు, పక్కన చెట్టు లేదు. ఏసీ ఎనిమిది సెకన్లు పట్టుకోవడం, వదిలేయడం. గాలి వేడెక్కింది. అద్దాలు దించితే బయట ఇంకా వేడి. నలభై నిమిషాలు. అమ్మీ ముందు మాట్లాడుతూ ఉంది, తర్వాత తస్బీహ్ తిప్పుతూ ఉంది, తర్వాత చెయ్యి ఆగిపోయింది. "బేటా, సర్ ఫిర్ రహా" అంది. మొహం ఎర్రగా అయింది. సీసాలో ఉన్న ఉప్పు షర్బత్ మొత్తం తాగించాను.

షాద్‌నగర్‌లో కనబడిన మొదటి నర్సింగ్ హోమ్‌లోకి ఎత్తుకుని పోయాం. డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. పట్టీ కట్టి చూసింది, ఇంకో చేతికి కట్టి మళ్లీ చూసింది. 190 బై 110.

"ముందు నుంచి బీపీ ఉందా?"

"ఉంది మేడం, లో బీపీ. అందుకే ఉప్పు నీళ్లు ఇస్తున్నాం."

ఆమె నా వైపు చూసింది. "లో అని ఎవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. ఎవరూ కొలవలేదు కూడా.

రాత్రికి ఉంచాలన్నారు. అలా మేం షాద్‌నగర్‌లో మంచం పక్కన ఉండగా, యాభై కిలోమీటర్ల అవతల నికాహ్ అయింది. అల్లుడి వీడియో కాల్‌లో ఖాజీ సాబ్ గొంతు తెగి తెగి వినబడింది. "ఖుబూల్ హై" మూడుసార్లలో అమ్మీకి ఒక్కసారే వినబడింది. రెండు చేతులు ఎత్తి దువా చేసింది, సెలైన్ సూది ఉన్న చెయ్యి కూడా. మర్నాడు పొద్దున "రుఖ్సతీ అయిపోయింది, ఇంక అక్కడికి పోయి ఎవర్ని చూడాల, ఇంటికి పోదాం" అంది. దుపట్టా సంచీ అలాగే వెనక్కి వచ్చింది. ఆపా నాతో మాట్లాడడం మానేసింది. ఆమె ఒక్క మాటే అంది, అదీ మా ఆవిడతో. "వాడికి ఊరందరి ఖబర్ తెలుసు, అమ్మీ ఖబర్ తప్ప."

ఇంటికొచ్చిన మూడో రోజు కారు తీసుకుని చాచా దగ్గరికి పోయాను. సొంత చాచా కాదు. అబ్బా దగ్గర డిపోలో పని నేర్చుకున్న షాగిర్ద్. ఇప్పుడు అరవై దాటాయి, బళ్లారి చౌరస్తా దాటాక ఒక వేపచెట్టు, రేకుల షెడ్డు. ముందే ఆయన దగ్గరికి ఎందుకు పోలేదంటే, ఆయన ఆలస్యం చేస్తాడు. సవాళ్లు వేస్తాడు. బండి వదిలి పొమ్మంటాడు. నాకు అవేవీ కుదరవు.

ఈసారి మాత్రం వదిలిపెట్టే ఉద్దేశంతోనే పోయాను. జేబులో నోట్‌బుక్ కూడా ఉంది. మూడు రోజులు సెకన్లు లెక్కపెట్టి రాసుకున్నాను. నిలబడి ఉన్నప్పుడు ఎనిమిది సెకన్లు ఆన్, పన్నెండు ఆఫ్. ఊళ్లో నెమ్మదిగా పోతుంటే ఇరవై, పది. బైపాస్ మీద ఎనభైలో పోతే ఆగదు. తెల్లవారుజామున నిలబడి ఉన్నా తక్కువ. మధ్యాహ్నం మూడింటికి ఎక్కువ.

చాచా ఆ పేజీ రెండుసార్లు చదివాడు. "శాబాష్ మున్నా. సగం పని నువ్వే చేసినావు." తర్వాత అడిగాడు. "ఏం చేయించినావు దీనికి?"

"గ్యాస్ తక్కువుందని రెండుసార్లు పెట్టించాను చాచా."

"గ్యాస్ తక్కువని ఎవరు చెప్పినారు?"

నాలుగు రోజుల్లో అదే ప్రశ్న రెండోసారి. వేపచెట్టు కింద స్టూలు మీద కూర్చుండిపోయాను.

చాచా చెప్పింది నాకు అర్థమైన మాటల్లో చెబుతాను. కంప్రెషర్ బెల్టు మీద నడుస్తుంది. దాని ముందు అయస్కాంతం క్లచ్ ఉంటుంది, కరెంటు వస్తే పట్టుకుంటుంది, పోతే వదిలేస్తుంది. ఆ పట్టుకునే చప్పుడే టక్. కరెంటు ఇవ్వాలా వద్దా అనేదానికి దారిలో దర్బాన్లు ఉంటారు. ఒకడు డాష్‌బోర్డు లోపల కూలింగ్ కాయిల్ దగ్గర కూర్చుంటాడు. కాయిల్ సున్నా డిగ్రీలకు దగ్గరైతే దాని మీద నీరు గడ్డకట్టి గాలి దారి మూసుకుపోతుంది, అందుకని ఆపేస్తాడు. చలికాలంలో, రాత్రిపూట ఆ రకంగా ఆగి ఆగి నడవడం మర్జ్ కాదు, సెహత్. కాబట్టి చప్పుడు వినగానే మెకానిక్ దగ్గరికి పరిగెత్తొద్దు. ఎండ మండిపోతున్న మధ్యాహ్నం, ఫ్యాను ఫుల్‌లో ఉన్నప్పుడు కంప్రెషర్ ఊపిరి తీసుకోకుండా పనిచేయాలి. అప్పుడు కూడా పది సెకన్లకోసారి ఆగుతుంటే అనుమానించాలి.

రెండో దర్బాన్ ప్రెషర్ స్విచ్. మా బండిలాంటివాటిలో వీడికి రెండు హద్దులు. గ్యాస్ బాగా తగ్గి ప్రెషర్ పడిపోతే ఆపుతాడు, ఎందుకంటే గ్యాస్‌తో పాటు తిరిగే నూనె కూడా అందక కంప్రెషర్ అరిగిపోతుంది. ప్రెషర్ మరీ పెరిగిపోయినా ఆపుతాడు, ఎందుకంటే పైపులు పగులుతాయి. తక్కువైనా టక్. ఎక్కువైనా టక్. చప్పుడు ఒకటే, రోగాలు రెండు, వాటి ఇలాజ్ ఒకదానికొకటి పూర్తి ఉల్టా.

"మరి ఏది ఏదో ఎలా తెలుస్తుంది చాచా?"

"నీ కాగితంలోనే ఉంది కదా. గ్యాస్ తక్కువైతే హైవే మీద కూడా సరిగా చల్లబడదు. నీది పరిగెత్తితే బాగుంటుంది, నిలబడితే చెడిపోతుంది. అంటే ఏమి? పరిగెత్తినప్పుడు దొరికేది, నిలబడితే దొరకనిది ఏమి?"

గాలి.

బండి ముందు, రేడియేటర్ కంటే ముందు ఒక పల్చటి జాలీ ఉంటుంది. కండెన్సర్. కారు లోపలి వేడినంతా మోసుకొచ్చిన గ్యాస్ అక్కడ ఆ వేడిని బయట గాలికి దించేసి ద్రవంగా మారుతుంది. హైవే మీద గాలి దానంతటదే వచ్చి కొడుతుంది. నిలబడితే ఫ్యానే లాగాలి. లాగకపోతే వేడి దిగదు, ప్రెషర్ ఎక్కుతుంది, దర్బాన్ కరెంటు ఆపుతాడు, కాస్త చల్లారాక మళ్లీ ఇస్తాడు.

"ఫ్యాను తిరుగుతోంది చాచా, నేను చూశాను."

"తిరగడం వేరే, లాగడం వేరే." సీటు మీద పడున్న ఆ రోజు పత్రిక అందుకున్నాడు. మా పత్రికే. అందులో నా వార్త ఉన్న పేజీనే విడిగా తీశాడు (కావాలని కాదనే అనుకుంటున్నాను). ఏసీ ఆన్ చేసి, ఆ పేజీని కండెన్సర్ ముందు పెట్టి వదిలాడు. ఫ్యాను గట్టిగా లాగితే కాగితం జాలీకి అతుక్కుని నిలబడాలి. మాది మెల్లగా జారి, బంపర్ మీద పడి, అక్కణ్నుంచి కింద పడింది.

తర్వాత గేజీలు తగిలించాడు. నీలం గొట్టం తక్కువ ప్రెషర్ వైపు, ఎర్రది ఎక్కువ వైపు. ఆ ఎండకి ఎర్ర ముల్లు రెండు వందల నుంచి రెండు వందల డెబ్బై పీఎస్ఐ మధ్య ఉంటే బాగున్నట్టే అన్నాడు. మాది మూడు వందలు, మూడు వందల యాభై, నాలుగు వందలు. ఎక్కుతూనే ఉంది. నాలుగు వందలు దాటి ఇంకాస్త ఎక్కింది, టక్, కంప్రెషర్ వదిలేసింది. ముల్లు మెల్లగా దిగింది. టక్, పట్టుకుంది. మళ్లీ ఎక్కడం మొదలు. మా అమ్మీ చేతికి కట్టిన పట్టీ పక్కన ఉన్న గడియారం కూడా అచ్చం అలాంటిదే, అందులోనూ ఒక ముల్లు ఉంది.

"ఇప్పుడు చూడు." షెడ్డులోంచి నీళ్ల పైపు తెచ్చి కండెన్సర్ మీద సన్నగా చల్లాడు. నమ్మరు, నాలుగైదు సెకన్లలో ఎర్ర ముల్లు కిందికి జారిపోయింది. కంప్రెషర్ పట్టుకున్నది పట్టుకున్నట్టే ఉంది. లోపల కూర్చుంటే చల్లగాలి. నీళ్లు ఆపాడు. ముల్లు మళ్లీ పైకి, నిమిషం గడవకముందే టక్. మూడు వేలు పోసినా దొరకని జవాబు బక్కెట్ నీళ్లలో దొరికింది. మీ ఇంట్లో గేజీలు ఉండవు, కానీ ఈ నీళ్ల పరీక్ష ఎవరైనా చేసుకోవచ్చు. ఒక్క జాగ్రత్త, ఫ్యాను దగ్గర చెయ్యి, దుపట్టా, లుంగీ కొస ఏదీ పోనివ్వొద్దు. అది ఎప్పుడు తిరుగుతుందో చెప్పి తిరగదు. నీళ్లు పోసినా ఏ తేడా లేకపోతే రోగం ఇంకెక్కడో ఉన్నట్టు, అప్పుడు నిజంగానే గ్యాస్ తక్కువ కావచ్చు, స్విచ్ కావచ్చు, సెన్సర్ కావచ్చు.

తర్వాత చాచా ఒక మెషీన్ తగిలించి లోపలున్న గ్యాస్‌ని వెనక్కి లాగాడు. చాలాచోట్ల గాలిలోకి వదిలేస్తారు, అది తప్పు. ఈ ఆర్-134ఏ గ్యాస్ భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువు కంటే వెయ్యి రెట్లకు పైగా బలమైనది. మెషీన్‌కి తక్కెడ ఉంది. బానెట్ లోపల స్టిక్కర్ మీద 450 గ్రాములని రాసుంది. బయటికి వచ్చింది 610.

"మొదట గ్యాస్ సరిగానే ఉండేది మున్నా. గాలి అందక ఆయాసపడుతున్న మనిషికి నువ్వు బిర్యానీ తినిపించినావు. అదీ రెండుసార్లు."

ఆయన నవ్వాడు. అమ్మీ సంగతి ఆయనకు అప్పటికి తెలియదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. స్కూల్లో మాకు ఉర్దూలో తష్ఖీస్ అనే మాట ఉండేది, రోగం ఏదో గుర్తించడం. అది 'షఖ్స్' నుంచి వచ్చింది, షఖ్స్ అంటే మనిషి. గుంపులో ఉన్న ఒక్కణ్ని ఫలానావాడని పోల్చుకోవడమే తష్ఖీస్. డిగ్రీలో తెలుగు చదివేటప్పుడు అదే అర్థానికి 'నిదానం' అనే మాట దొరికింది. రోగ నిదానం. అప్పుడు క్లాసులో నవ్వొచ్చింది, ఎందుకంటే మా ఊళ్లో నిదానం అంటే మెల్లగా, తొందరపడకుండా అని. రెండు భాషలు చదివిన షఖ్స్‌ని, రెండు మాటలూ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను.

మధ్యాహ్నం చాచా బంపర్ విప్పాడు. కండెన్సర్‌కి, రేడియేటర్‌కి మధ్య వేలెడు సందు ఉంటుంది. ఆ సందులోంచి ఆయన బయటికి లాగింది చూస్తే పాత రజాయిలోంచి ఊడొచ్చిన దూదిలా ఉంది. మట్టి పట్టి నల్లబడిన పత్తి పీచు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వారానికి రెండుసార్లు ఆదోని పత్తి మార్కెట్‌కి పోయాను వార్తల కోసం. లారీలు, బోరేలు, తూకం గొడవలు, రైతుల ధర్నాలు. అక్కడే బండి పెట్టి గంటల తరబడి రాసుకున్నాను. పీచు గాలిలో ఎగురుతుంటే చూసి, అందంగా ఒక వాక్యం కూడా రాసినట్టు గుర్తు. అది నా బండి ముక్కులోకి పోతోందని తోచలేదు. దాని మీద ఫ్యాను మోటారు కూడా అరిగింది, తిరిగేది కానీ సత్తువ లేదు.

పీచంతా తీసి, జాలీ రెక్కలు వంగకుండా లోపలి నుంచి బయటికి సన్నటి నీళ్లతో కడిగాడు. కొత్త మోటారు రెండు వేల ఎనిమిది వందలు. అరగంట వాక్యూమ్ పెట్టి లోపలి గాలి, తేమ తీసేసి, తక్కెడ మీద చూసుకుంటూ సరిగ్గా 450 గ్రాములు ఎక్కించాడు. పత్రిక పేజీ మళ్లీ పెట్టాడు. ఈసారి అది జాలీకి అతుక్కుని, లాగితే చిరిగేలా నిలబడింది. ఎర్ర ముల్లు రెండు వందల నలభై దగ్గర కూర్చుంది. అసర్ దాకా వింటూ కూర్చున్నాం. టక్ ఒక్కసారే, మొదట.

మజూరీ తీసుకోనన్నాడు. అబ్బా పేరు చెప్పాడు. బలవంతంగా జేబులో పెట్టాను. అప్పుడే అమ్మీ సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు చేతులు తుడుచుకుంటూ ఉండిపోయాడు. "ఉస్తాద్ స్క్రూడ్రైవర్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది" అన్నాడు చివరికి. ఇంకేమీ అనలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఆ బంకు పక్కన షాపు ముందు ఆగాను. గొడవ పెట్టుకోవాలనే ఆగాను. మూడు వేలు అనవసరంగా తీసుకున్నావని, గేజీ పెట్టకుండా ఎక్కించావని. కుర్రాడు నన్ను చూడగానే గుర్తుపట్టాడు. "అన్నా, కడిగించినారా? ఆ రోజే చెప్తామనుకుంటి, మీరు తొందరలో ఉంటిరి." నా నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది. గేజీ పెట్టకపోవడం వాడి తప్పే, ఇప్పటికీ అదే అంటాను. కానీ గ్యాస్ మాట వాడిది కాదు. టీ తాగి వచ్చేశాను.

ఇంట్లో ఇప్పుడు బీపీ మెషీన్ ఉంది. మా చిన్నోడు పొద్దునా సాయంత్రం అమ్మీకి పట్టీ కట్టి, నా పాత నోట్‌బుక్‌లో రాస్తాడు. ఒకవైపు పేజీలో కారు సెకన్లు, ఎదుటి పేజీలో నానమ్మ అంకెలు. మాత్రలు మొదలుపెట్టిన మూడు వారాలకు 140 బై 85 దగ్గరికి దిగింది. ఊరగాయ బంద్. అందుకు ఆమె నా మీద కోపంగా ఉంది, ఉప్పు తాగించినందుకు మాత్రం ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

జూన్ మొదటి వారంలో, వానలు ఇంకా పడకముందే, హైదరాబాద్ పోదామని అమ్మీయే అంది. తెల్లవారుజామున పోదామంటే "ఎందుకు, నీ బండి బాగయిందన్నావు కదా" అంది. పదింటికి బయల్దేరాం. షాద్‌నగర్ దగ్గర టోల్‌గేట్‌లో బండ్లు వరసగా ఆగి ఉన్నాయి. నా చెవులన్నీ బానెట్ వైపే. అద్దంలో చూస్తే అమ్మీ తస్బీహ్ ఆపి, తల కొంచెం పక్కకు వంచి, తనూ వింటోంది. వరస కదిలింది. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

ఆరాంఘర్ దాటి ఆపా ఇల్లు చేరేసరికి జొహర్ అయింది. తలుపు ఆపాయే తీసింది. అమ్మీని పట్టుకుని కాసేపు ఏడ్చింది. నవాసీ కూడా వచ్చి ఉంది, అల్లుడితో. దుపట్టా సంచీ అప్పుడు విప్పారు. నన్ను ఎవరూ పిలవలేదు, చెప్పుల స్టాండు దగ్గరే నిలబడ్డాను. కాసేపటికి ఆపా రెండు గ్లాసుల మజ్జిగ తెచ్చింది. ఒకటి అమ్మీకి ఇచ్చింది. రెండోది నా చేతిలో పెడుతూ, నెల రోజుల తర్వాత మొదటిసారి నాతో మాట్లాడింది.

"నీదాంట్లో ఉప్పుంది. మార్చుకోవద్దు."